కౌంటర్ దగ్గర నాలుగు మాటలు

సాయంత్రం ఆరు దాటింది. వరంగల్ ఎంజీఎం దవాఖాన ఎదుటి మెడికల్ షాపుల ముందు ఇసుక వేస్తే రాలదు. ఒక షాపు కౌంటర్‌ను ఆనుకుని మీరు నిలబడ్డారు. మీ భుజాల మీదుగా నాలుగైదు చేతులు చిట్టీలు పట్టుకుని ముందుకొస్తున్నాయి. "అన్నా, నాది జెర చూడు, పరకాల బస్సు పోతది" అని వెనక నుంచి ఒకాయన తొందరపెడుతున్నాడు. లోపల ఇద్దరు కుర్రాళ్లు అరల్లోంచి మందులు తీస్తున్నారు. ఓనర్ కంప్యూటర్ ముందు బిల్లులు కొడుతున్నాడు. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఒక్కతే ఫార్మసిస్టు.

ఒక అవ్వ వంతు వచ్చింది. వేళ్ల కణుపులన్నీ వాచి ఉన్నాయి. చిట్టీలో కీళ్లవాతానికి రాసిన మెథోట్రెక్సేట్ ఉంది. కుర్రాడు షీటు కవర్లో వేయబోతుంటే ఫార్మసిస్టు ఆపింది.

"అవ్వా, గీ గోలి ఎట్ల ఏసుకోవాల్నో చెప్పిండ్రా?"

"దినాం ఒకటి గాదా బిడ్డా?"

"కాదవ్వా! వారానికి ఒక్కనాడే. సోమవారం ఏసుకుంటే మళ్ల సోమవారమే. దినాం ఏసుకుంటే పానం మీదికొస్తది."

అవ్వ చేతిలోని షీటు వంక మీరూ చూస్తారు. మామూలు గోలీల్లాగే ఉన్నాయి. ఈ మందును పొరపాటున రోజూ వేసుకుంటే ఎముకల మూలుగ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, ప్రాణమూ పోవచ్చు. కవర్ మీద 'సోమవారం' అని పెద్ద అక్షరాలతో రాసిందా అమ్మాయి. చదువు రాదంది అవ్వ. వెంట వచ్చిన మనవణ్ని పిలిచి మళ్లీ చెప్పింది. ఆఖరికి అవ్వతోనే చెప్పించింది. "సోమవారం ఏసుకున్నంక మళ్ల సోమవారం దాంక ముట్టొద్దు" అని అవ్వ అప్పజెప్పాకే కవర్ చేతికిచ్చింది.

ఈలోగా పరకాల ఆయన విసుక్కుని పక్క షాపుకు వెళ్లిపోయాడు. అక్కడ '20 శాతం డిస్కౌంట్' అని బోర్డు వెలుగుతోంది.

ఓనర్ ముఖం చిన్నబోయింది. ఆయన్ని తప్పుపట్టే ముందు లెక్క చూడండి. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, ధర పరిమితి ఉన్న షెడ్యూల్డ్ మందుల మీద చిల్లర దుకాణానికి వచ్చే మార్జిన్ 16 శాతం. పన్ను సంగతి అటుంచితే, నూరు పెట్టి కొన్న మందు 116కు అమ్మాలి. దాని మీద పది శాతం తగ్గించి ఇస్తే మిగిలేది నాలుగు రూపాయల చిల్లర. అందులోంచే షాపు కిరాయి, కరెంటు, జీతాలు. ఇన్సులిన్‌ను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి కాబట్టి ఫ్రిజ్‌కు ఇన్వర్టర్ తప్పదు. మూలన అట్టపెట్టె నిండా గడువు తీరిన మందులు. స్టాకిస్టు వెనక్కి తీసుకునేదాకా ఆ డబ్బు అక్కడే ఇరుక్కుపోతుంది. అవ్వకు చెప్పిన మాటలకు మాత్రం బిల్లులో గడే లేదు.

చట్టంలో మాత్రం ఆ మాటలకు చోటుంది. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ రోగికి మందు గురించి వివరించి చెప్పడం ఫార్మసిస్టు బాధ్యత అంటున్నాయి. మన దేశంలో ఆరేళ్ల ఫార్మ్‌డి కోర్సు 2008లో మొదలైంది. ఓరుగల్లులో ఫార్మసీ కాలేజీలకు కొదవ లేదు. కాకతీయ యూనివర్సిటీలోనూ ఒకటి ఉంది. అంత చదివినవాళ్లను తెచ్చి గోలీలు లెక్కపెట్టిస్తే ఎవరికి లాభం? సర్టిఫికెట్ గోడకు వేలాడుతూ మనిషే కనబడని షాపుల సంగతి మరీ ఘోరం. ఇంగ్లండ్‌లో కొన్ని జబ్బులకు కొత్తగా మందు మొదలుపెట్టినవాళ్లతో మాట్లాడి కనుక్కున్నందుకు 2011 నుంచి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఫార్మసీలకు ఫీజు ఇస్తోంది. మన ప్రభుత్వాలూ ఆ దారి పట్టాలి.

మీ పక్కకు ఒక యువకుడు వచ్చాడు. చేతిలో చిట్టీ లేదు. "సెఫిక్సిమ్ రెండు గోలీలియ్యి, జరమొచ్చింది." డబ్బా మీద ఎర్ర గీతల చట్రం ఉంది. అది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చిట్టీ ఉండాలి. డాక్టర్ పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారో రిజిస్టర్లో ఎక్కించి మూడేళ్లు దాచాలి. 2014 మార్చి నుంచి ఇదే నియమం. "చిట్టీ లేకుంటే ఇయ్యరాదు తమ్మీ. ఎదురుంగనే దవాఖాన ఉన్నది, సూపెట్టుకొని రా" అంది ఫార్మసిస్టు. అతను దవాఖాన వైపు వెళ్లలేదు, పక్క షాపుకే వెళ్లాడు. అడిగినవాడికల్లా ఇచ్చే షాపుకు గిరాకీ పెరిగి, నియమం పాటించిన షాపు నష్టపోతుంటే నియమం ఎన్నాళ్లు నిలుస్తుంది? డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ముందు తేల్చాల్సింది ఇదే.

మన చేతుల్లోనూ కొంత ఉంది. ఈసారి మందులకు వెళ్లినప్పుడు డిస్కౌంట్ ఎంతని అడిగే ముందు ఫార్మసిస్టు ఎవరో అడగండి. ఏ గోలి ఎప్పుడు, ఎన్ని రోజులు వేసుకోవాలో చెప్పించుకోండి. మీ ముందు ఒక అవ్వతో ఆ అమ్మాయి మాట్లాడుతుంటే మాత్రం దయచేసి తొందరపెట్టకండి.