బట్టీ వేడి - సిమెంటు బలం: ఒక ఆవిష్కరణ చరిత్ర

ఆధునిక సిమెంటు ఎప్పుడు పుట్టింది? చాలా పుస్తకాలు 1824 అని చెబుతాయి. ఆ ఏడాది అక్టోబరు 21న ఇంగ్లండులోని లీడ్స్‌కు చెందిన తాపీ మేస్త్రీ జోసెఫ్ ఆస్ప్‌డిన్ తన సిమెంటుకు పేటెంటు పొందాడు. గట్టిపడ్డాక అది పోర్ట్‌లాండ్ రాయిలా కనిపిస్తుందని 'పోర్ట్‌లాండ్ సిమెంటు' అని పేరు పెట్టాడు. అయితే ఆ పేరుతో పాటే నేటి సిమెంటు కూడా పుట్టిందా అన్నది మనం పరిశీలించాలి.

సిమెంటు ఆరిపోవడం వల్ల గట్టిపడదు. అందులోని ఖనిజాలు నీటితో రసాయనికంగా కలవడం వల్ల గట్టిపడుతుంది. దీనినే ఆర్ద్రీకరణం లేదా హైడ్రేషన్ అంటారు. సున్నపురాయి, బంకమట్టి కలిపి కాల్చినప్పుడు ఈ ఖనిజాలు ఏర్పడతాయి. వేడి సుమారు 1250 డిగ్రీల సెల్సియస్ దాటకపోతే ప్రధానంగా డైకాల్షియం సిలికేట్ మాత్రమే వస్తుంది. ఇది నీటితో చాలా నెమ్మదిగా కలుస్తుంది. తొలి వారాల్లో బలాన్నిచ్చే ట్రైకాల్షియం సిలికేట్‌కు అంతకు మించిన వేడి కావాలి. ఆస్ప్‌డిన్ బట్టీల్లో అంత వేడి ఉండేది కాదని చరిత్రకారులు భావిస్తున్నారు.

ఆ కాలపు బట్టీల్లో వేడి అంతటా సమానంగా ఉండేది కాదు. ఎక్కువగా కాలిన చోట నల్లని గట్టి గడ్డలు కట్టేవి. వాటిని పొడి చేయడం కష్టం కాబట్టి పనికిరానివిగా ఎంచేవారు. 1840ల్లో కెంట్ ప్రాంతంలోని స్వాన్స్‌కూంబ్‌లో ఐజాక్ చార్లెస్ జాన్సన్ వాటిని పొడి చేయించి చూశాడు. ఆ పొడి ఆలస్యంగా బిగుసుకున్నా, చివరకు ఎక్కువ గట్టిపడింది. ఇంచుమించు అదే కాలంలో జోసెఫ్ కుమారుడు విలియం కూడా బాగా కాల్చిన సిమెంటును తయారుచేశాడు.

దీనికి శాస్త్రీయ వివరణ తరువాత వచ్చింది. 1887లో ఫ్రెంచి శాస్త్రవేత్త లె షాటెలియే తన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథంలో ట్రైకాల్షియం సిలికేట్ పాత్రను వివరించాడు. చల్లార్చే తీరు కూడా ముఖ్యమేనని క్రమంగా తెలిసింది. మరీ నెమ్మదిగా చల్లారితే డైకాల్షియం సిలికేట్ నీటితో దాదాపు కలవని రూపంలోకి మారి, క్లింకర్ పొడిపొడిగా రాలిపోతుంది. 1885లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ రాన్సమ్ పేటెంటు పొందిన తిరిగే బట్టీ క్రమంగా మెరుగుపడి, సుమారు 1450 డిగ్రీల వేడిని సమంగా అందించగలిగింది. అయితే ఆ క్లింకర్ పొడి మరీ త్వరగా బిగుసుకునేది. అందువల్ల దానితో పాటు జిప్సం కలిపి నూరడం స్థిరపడింది.

కాబట్టి 1824 ఒక పేరు పుట్టిన సంవత్సరం మాత్రమే. ఆ పేరుకు తగిన పదార్థం దశాబ్దాలపాటు బట్టీల దగ్గర జరిగిన పనిలో రూపొందింది. పేటెంటు తేదీని మాత్రమే చరిత్రగా తీసుకుంటే ఆ పనిని మనం చూడలేము.

ఆలోచించండి: పారవేసిన గడ్డలను పొడి చేసి చూసినవారు, వాటి బలానికి కారణం చెప్పినవారు - వీరిలో ఆవిష్కర్త ఎవరు? మీ సమాధానాన్ని కారణాలతో రాయండి.