భర్త పౌరసత్వం, భార్య ఖాతా

మా కాలనీలో నాతోపాటు పొద్దున్నే నడకకు వచ్చే మిత్రుడొకాయన పోయిన నెలలో స్వీటు డబ్బా పట్టుకొచ్చాడు. న్యూజెర్సీలో ఉన్న వాళ్లబ్బాయికి అమెరికా పౌరసత్వం వచ్చిందట. ఇరవయ్యేళ్ల కిందట ఆ అబ్బాయి స్టూడెంటు వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ 11 ప్రదక్షిణలు, వీసా చేతికొచ్చాక 108 చేసిన మనిషి ఈయన. ఈసారి మళ్లీ 108 బాకీ ఉన్నానన్నాడు. ఆ బాకీతో నాకు పని లేదు గానీ, తరవాత అన్న మాట దగ్గర ఆగాను.

"ఇంకేముంది సార్, వాడికి వచ్చిందంటే కోడలికీ వచ్చేసినట్టే. మొగుడూ పెళ్లాలు ఒకటే కదా!"

కోడలు ఏడాదిన్నర నుంచీ హైదరాబాదులోనే గ్రీన్‌కార్డు వరసలో ఉంది. ఆమెకు ఏమీ వచ్చెయ్యలేదని చెబితే ఆయన నొచ్చుకున్నాడు. శాస్త్రం, లోకరీతి, ప్రకృతి ధర్మం అన్నీ ఒకటే అంటుంటే అమెరికా వాడు వేరంటాడేమిటని ఆయన బాధ. నేను 36 ఏళ్లు రక్షణ శాఖ లెక్కల్లో బిల్లులు పరిశీలించినవాణ్ణి. "ఒకటే" అని ఎవరైనా అంటే ఏ పద్దు కింద, ఎవరి ఖాతాలో అని అడగడం అలవాటు. అందుకే ఈ వ్యాసం.

నిజానికి మా మిత్రుడి సూత్రం ఒకప్పుడు చట్టమే. 1804 నాటి నెపోలియన్ సివిల్ కోడ్ ప్రకారం పరదేశీని పెళ్లాడిన ఫ్రెంచి స్త్రీ భర్త దేశస్థురాలయ్యేది. బ్రిటన్ 1870లో అదే రాసుకుంది, 1914 చట్టంలో మళ్లీ రాసుకుంది. అమెరికా 1855లో, పౌరుణ్ణి పెళ్లాడిన విదేశీ స్త్రీ పౌరురాలే అంది. అయితే ఒక షరతు ఉంది. ఆమె తనంతట తాను పౌరసత్వానికి అర్హురాలై ఉండాలి. ఆ రోజుల్లో ఆ అర్హత తెల్లవాళ్లకే. ఇచ్చేటప్పుడు రంగు చూసి ఇచ్చారన్నమాట.

తీసుకునేటప్పుడు ఏం చూశారు? 1907 చట్టం ప్రకారం పరదేశీని పెళ్లాడిన అమెరికన్ స్త్రీ, పుట్టిన ఊళ్లోనే ఉన్నా సరే, పరదేశీ అయిపోయేది. ఎథెల్ మెకెంజీ అనే కాలిఫోర్నియా ఆమె 1909లో ఒక బ్రిటిష్ జాతీయుణ్ణి పెళ్లాడింది. 1911లో ఆ రాష్ట్రంలో స్త్రీలకు ఓటు హక్కు వచ్చింది. ఓటరుగా నమోదు చేసుకోబోతే నువ్వు అమెరికన్‌వి కావు పొమ్మన్నారు. 1915లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. భార్యాభర్తలు ఒకటే అన్నది ప్రాచీన సూత్రమనీ, ఫలితం తెలిసే పెళ్లి చేసుకుందనీ తేల్చింది. భార్యను పెళ్లాడినందుకు పౌరసత్వం పోయిన అమెరికన్ మగవాడు మాత్రం ఆ చట్టం కింద ఒక్కడూ లేడు. ఒకటే అయినప్పుడు నష్టం ఒకవైపే ఎందుకు పడిందో ఆ తీర్పు చెప్పలేదు.

స్త్రీలు ఓటు సాధించుకున్నాక, 1922లో కేబుల్ చట్టం వచ్చింది. భర్తను బట్టి రావడం ఆగిపోయింది, పోవడం కూడా ఆగిపోయింది. అయితే ఇక్కడా ఒక మినహాయింపు పెట్టారు. పౌరసత్వానికి అర్హత లేని జాతివాణ్ణి పెళ్లాడితే మాత్రం పోతుంది! మరుసటి ఏడే, 1923 ఫిబ్రవరి 19న, భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు ఆ లెక్కలో తెల్లవాళ్లు కారని సుప్రీంకోర్టు చెప్పింది. (థింద్ తరఫు వాదన చదివితే మనకు సిగ్గేస్తుంది. నేను అగ్రకులపు ఆర్యుణ్ణి, కింది కులాలతో నెత్తురు కలవనివాణ్ణి, కాబట్టి తెల్లవాణ్ణే అన్నది అందులోని సారం. మన కులగర్వం సముద్రం దాటి వెళ్లి కోర్టు మెట్లెక్కింది. అయినా పని జరగలేదు.)

ఈ రెండూ కలిసి ఎక్కడ పడ్డాయో చూడండి. విప్లవకారుడు తారకనాథ్ దాస్ 1914లోనే అమెరికా పౌరుడు. ఆయన్ని 1924లో పెళ్లాడిన మేరీ కీటింగ్ మోర్స్ పుట్టుకతో అమెరికన్. ఆ పెళ్లి కారణంగా ఆమె అమెరికన్ కాదన్నారు, పాస్‌పోర్టు ఇవ్వలేదు. దేశం లేని స్త్రీని అంటూ ఆమె 1926లో ద నేషన్ పత్రికలో తన గోడు రాసుకుంది.

థింద్ కేసు వాదించిన లాయరు సఖారాం గణేశ్ పండిత్. థింద్ తీర్పును పట్టుకుని ఆయన పౌరసత్వమే రద్దు చెయ్యబోయారు. ఈసారి ఆయన కులం మాట ఎత్తలేదు. నా పౌరసత్వాన్ని నమ్ముకుని నేను లాయరునయ్యాను, ఆస్తి కొన్నాను, అమెరికన్ స్త్రీని పెళ్లాడాను. ఇప్పుడు రద్దు చేస్తే ఆమె పౌరసత్వమూ భూమీ కూడా పోతాయి, ఆ నష్టం ఎవరు పూడుస్తారు అని లెక్క చూపించాడు. 1926లో అప్పీలు కోర్టులో గెలిచాడు. 1927లో సుప్రీంకోర్టు ప్రభుత్వం మొర వినడానికి నిరాకరించింది. మిగిలిన భారతీయుల మీద కేసులు ఆగిపోయాయి. ఆర్యరక్తం చెయ్యలేని పని ఆస్తి అప్పుల పట్టిక చేసింది.

అందరికీ ఆ అదృష్టం దక్కలేదు. 1915లో భార్య కళ, ముగ్గురు పిల్లలతో శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగిన వైష్ణోదాస్ బాగాయ్ 1921లో పౌరుడయ్యాడు, థింద్ తీర్పు తరవాత పౌరసత్వం పోగొట్టుకున్నాడు. ఇండియా చూసిరావడానికి అమెరికా పాస్‌పోర్టు ఇవ్వలేదు. బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకోమన్నారు. బ్రిటిష్ పాలన వద్దనుకునే అక్కడికి వెళ్లిన మనిషి! 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. కళా బాగాయ్ పిల్లల్ని చదివించి పెద్దచేసింది. 1946లో లూస్-సెల్లర్ చట్టం భారతీయులకు తలుపు తీశాక, తన పేరున తాను అమెరికా పౌరురాలయ్యింది. కేబుల్ చట్టంలోని ఆ మినహాయింపు 1931లోనే పోయింది.

ఇక మన ఇంటి సంగతి. గయ ప్రాంతపు ఒక జమీందారు భార్య 1948 జూలైలో కరాచీ వెళ్లింది. భర్త ఇక్కడే ఉన్నాడు. ఆమె తాత్కాలిక పర్మిట్ మీద తిరిగొచ్చేసరికి, వలస వెళ్లినదానివి కాబట్టి నీ ఆస్తి కాందిశీకుల ఆస్తి అన్నారు. భార్య నివాసం భర్త నివాసమే, ఆయన ఇండియా వదల్లేదు కదా అన్నది ఆమె తరఫు వాదన. మా మిత్రుడి సూత్రమే! 1955లో మన సుప్రీంకోర్టు, ఆ సూత్రం ఉందనుకున్నా రాజ్యాంగం 7వ అధికరణం ముందు అది నిలవదంది. సూత్రం ఆమెకు ఉపయోగపడే ఒక్కచోటా అది చెల్లలేదు. కాలిఫోర్నియాలో ఎథెల్‌కు చెల్లింది, గయలో ఈమెకు చెల్లలేదు. రెండుచోట్లా పోగొట్టుకున్నది భార్యే.

అదే 1955లో వచ్చిన మన పౌరసత్వ చట్టంలో భారతీయుణ్ణి పెళ్లాడిన విదేశీ స్త్రీ నమోదు చేసుకోవచ్చు. సోనియా గాంధీ 1983లో అలాగే పౌరురాలయ్యింది. భారతీయ స్త్రీని పెళ్లాడిన విదేశీ మగవాడికి ఆ దారి లేదు. "స్త్రీలు" అన్నచోట "వ్యక్తులు" అని దిద్దడానికి 1986 దాకా పట్టింది. విదేశంలో పుట్టిన బిడ్డకు తల్లి ద్వారా కూడా పౌరసత్వం రావడానికి 1992 దాకా.

మా మిత్రుడికి ఇదంతా నాలుగు రోజుల నడకలో చెప్పాను. ఆయనకు కావలసింది మాత్రం కోడలి సంగతి. అదీ చెప్పాను. అబ్బాయి ప్రమాణం చేసినప్పుడే మన చట్టం 9వ సెక్షన్ ప్రకారం అతని భారత పౌరసత్వం పోయింది, కోడలిది పోలేదు. గ్రీన్‌కార్డుదారు భార్యకు ఏటా ఇంతమందికే అనే పరిమితి ఉంటుంది, పౌరుడి భార్యకు అది లేదు. అబ్బాయి ఆ కాగితం పంపితే వరస మారుతుంది. పెళ్లయి రెండేళ్లు నిండకముందే ఆమెకు ఆ హోదా వస్తే రెండేళ్ల షరతు కార్డే ఇస్తారు. గ్రీన్‌కార్డు వచ్చాక భర్తతో కాపురం సాగుతుంటే పౌరసత్వానికి అయిదేళ్లకు బదులు మూడేళ్లు చాలు. 1996 చట్టం ప్రకారం చాలా ఫెడరల్ సాయాలకు కొత్తవాళ్లు అయిదేళ్లు ఆగాలి, భర్త పౌరుడైనంత మాత్రాన ఆ గడువు తగ్గదు. ఆమెను పోషిస్తానని అబ్బాయి రాసే హామీపత్రం విడాకులతో కూడా రద్దు కాదు.

"విడాకుల మాటెందుకు సార్ పొద్దున్నే," అన్నాడాయన. పత్రంలో ఉంది కాబట్టి అన్నాను. కాసేపు మౌనంగా నడిచి, "అయితే కోడలికి విడిగా 108 చెయ్యాలా?" అని అడిగాడు. ఐ-130 రసీదు నంబరు జాగ్రత్తగా పెట్టుకున్నారా అని నేనడిగాను. ఇంటికెళ్లి వెతుకుతానన్నాడు.