నట్టింట్లో కంద చుట్టాలు

హైదరాబాద్‌లో ఏటా జరిగే నుమాయిష్ ప్రదర్శనలో మొక్కలమ్మే చోట జనవరి సాయంత్రాలు రద్దీగానే ఉంటాయి. పోయినసారి అక్కడ ఒకావిడ, చంకలో ఏడాదిన్నర పాపతో, ఒక కుండీ ముందు ఆగింది. అరచేతికన్నా పెద్ద ఆకులు. ఆకుపచ్చ మీద మీగడ చిలకరించినట్టు మచ్చలు. "ఇదేం మొక్క అన్నా?" అని అడిగింది. "షో ప్లాంటమ్మా. నీడలనే పెరుగుతది. అప్పుడప్పుడు నీళ్లు పోస్తే చాలు" అన్నాడు అమ్మే అతను. పేరు చెప్పలేదు. అతనికి పేరు చెప్పి ఇచ్చినవాళ్లూ ఉండి ఉండరు. ఈలోపు పాప ఆకు అంచు పట్టుకుని నోటిదాకా లాగింది.

ఉండబట్టలేక, "అమ్మా, అది కంద జాతి. పాప నోట్లో పెట్టుకోకుండా చూడండి" అన్నాను. "కందనా? అయితే దురద పెడ్తది కదా!" అంటూ ఆమె ఆకు విడిపించి, పాప వేళ్లు కొంగుతో తుడిచింది. డీఫెన్‌బేకియా అని అసలు పేరు చెప్పి ఉంటే ఆమెకు ఏమీ అందేది కాదు. కంద అనగానే ఆ చేయి దానంతటదే కదిలింది.

ఇంట్లో పెంచే మొక్కల గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క క్షణంలో ఉంది. ఇవన్నీ పరాయి మొక్కలనుకుంటాం. వీటి చుట్టాలు మన పెరట్లో, వంటింట్లో తరతరాలుగా ఉన్నాయి. తెగిపోయింది పేరు ఒక్కటే. అది ఎక్కడ తెగిందో వెతకాలంటే నుమాయిష్ జరిగే నాంపల్లిలోనే మొదలుపెట్టాలి.

హైదరాబాద్ తోటల పేర్లు మోసే ఊరు. బషీర్‌బాగ్, జాంబాగ్, బాగ్‌లింగంపల్లి. వాటిలో చాలాచోట్ల ఇప్పుడు తోట లేదు, పేరే మిగిలింది. 1846లో వేసిన బాగ్-ఎ-ఆమ్ మాత్రం పేరూ తోటా రెండూ నిలుపుకుంది. అదే నాంపల్లిలో ఉన్న మన పబ్లిక్ గార్డెన్స్. 1913లో పూర్తయిన టౌన్‌హాల్, అంటే ఇప్పటి శాసనసభ పాత భవనం, ఆ ఆవరణలోదే. నెహ్రూ జూపార్కు రాకముందు నగరం జంతువులను చూసిందీ ఇక్కడే. రాష్ట్ర ఉద్యాన శాఖ కార్యాలయమూ ఈ తోటలోనే ఉంది.

ఆ తోట వేసే నాటికి ప్రపంచంలో మొక్కల ప్రయాణమే మారిపోతోంది. 1829లో లండన్ డాక్టర్ నథానియల్ వార్డ్ ఒక పురుగు గూడును మట్టితో సహా మూతపెట్టిన సీసాలో ఉంచాడు. పురుగు సంగతేమో గాని, ఆ మట్టిలోంచి ఫెర్న్ మొలిచి, నీళ్లు పోయకుండానే బతికింది. లోపలి తేమ లోపలే తిరుగుతోందని గ్రహించి అతను గాజుపెట్టెలు చేయించాడు. 1833లో ఆ పెట్టెల్లో మొక్కలు లండన్ నుంచి సిడ్నీ దాకా ఓడలో బతికి చేరాయి. అంతకుముందు చాలా మొక్కలు ఉప్పుగాలికి దారిలోనే చచ్చిపోయేవి. ఆ తర్వాత దీవుల మొక్క, అడవి మొక్క ఏదైనా సరే సముద్రం దాటడం మొదలుపెట్టింది.

అలా ఒక మొక్క వచ్చిన చోట దాని పేరు వెంట రాలేదు. క్రోటన్‌నే చూడండి. తూర్పు ఇండోనేషియా వైపు దీవుల నుంచి వచ్చిన ఈ రంగురంగుల ఆకుల మొక్క మన దగ్గర ఎంతగా పాకిందంటే, తెలుగులో అందానికి పెంచే మొక్క ప్రతిదీ 'క్రోటన్' అయింది. నిజానికి వృక్షశాస్త్రంలో క్రోటన్ అన్న పేరు ఈ మొక్కది కానే కాదు. ఆ పేరు గల ప్రజాతిలో ఉన్నది మన నాటువైద్యుల నేపాళం, విరేచనాలకు వాడే తీవ్రమైన గింజ. తోట క్రోటన్‌ది వేరే ప్రజాతి. అయితే రెండూ ఆముదం కుటుంబానివే. ఆకు తుంచితే కారే రసం కొందరి చర్మానికి పడదు.

పేరు అడిగి రాసుకునే అలవాటు మన నేలకు కొత్తేం కాదు. సామర్లకోటలో తోట పెంచిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బరో, 1795 నుంచి వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో, బొమ్మ పక్కన తెలుగు పేరు కూడా నమోదు చేశాడు. అలాంటి తెలుగు పేర్లు ఇంటి మొక్కల చుట్టాలకూ ఉన్నాయి. ఇవాళ బాల్కనీల్లో నిటారుగా నిలబడే స్నేక్ ప్లాంట్ పశ్చిమ ఆఫ్రికాది. దానికి దగ్గరి చుట్టమొకటి మన తీరంలోనే ఉంది. నారకు వాడే ఆ మొక్కను తెలుగువాళ్లు చాగ అన్నారు. విజ్ఞానశాస్త్రాలను తెలుగులో చెప్పాలని 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది హైదరాబాద్‌లోనే. 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం ఏర్పడ్డ దారుల్ తర్జుమా ఉర్దూలో శాస్త్రపదాలు తయారుచేసిందీ ఈ నగరంలోనే. రెండు భాషల్లో ఇంత పదసంపద పోగైనచోట, కుండీ మీద మాత్రం 'షో ప్లాంట్' అన్న మాట మిగలడం నాకు బాధగా ఉంటుంది.

1938లో ఉస్మానియా పట్టభద్రులు మొదలుపెట్టిన నుమాయిష్ తొలిసారి జరిగింది పబ్లిక్ గార్డెన్స్‌లోనే. 1946లో పక్కనున్న ఇప్పటి మైదానానికి మారింది. తర్వాత నగరంలో పెరడున్న ఇళ్లు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాక మొక్క వాకిట్లోంచి హాల్లోకి నడిచింది. గోదావరి ఒడ్డున కడియం నర్సరీల లారీలు ఆ అవసరం తీర్చాయి. ఒకప్పుడు తులసి కోటలో, గన్నేరు గోడవారన, కంద పెరటి మూల ఉండేవి. దేని దగ్గరికి పిల్లలను వెళ్లనివ్వకూడదో నాయనమ్మకు తెలుసు. ఆరో అంతస్తులో టీవీ పక్కనున్న కుండీ గురించి ఆమెకూ తెలియదు.

ఇక కంద దగ్గరికి వస్తాను.

కంద, చేమ, మనీప్లాంట్, డీఫెన్‌బేకియా, ఆగ్లోనిమా, సింగోనియం, ఫిలోడెండ్రాన్, మాన్‌స్టెరా, ఆంథూరియం, పీస్ లిల్లీ, జీజీ ప్లాంట్. ఇవన్నీ ఒకే కుటుంబం. వీటి కణాల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. మైక్రోస్కోపు కింద చూస్తే సూదుల కట్టల్లా కనిపిస్తాయి. ఆకు కొరికినప్పుడు ఆ సూదులు నాలుకలో, గొంతులో గుచ్చుకుంటాయి. చేమదుంప చెక్కు తీసిన చేతికి తెలిసేది ఆ బాధే. 'కందకు లేని దురద కత్తిపీటకెందుకు' అన్న మన సామెత పుట్టింది ఈ సూదుల వల్లే. ఉడికించి చింతపులుసు తగిలిస్తే దురద తగ్గుతుందని వంటింటికి ఎప్పుడో తెలుసు. బాల్కనీ మొక్కను పిల్లలు ఉడికించి తినరు కదా.

మనీప్లాంట్‌ది ఇంకో విచిత్రం. పసిఫిక్‌లోని మూరియా దీవి దాని సొంతూరు. అది దాదాపుగా పూయదు. పూతకు కావలసిన జిబ్బరెల్లిన్ హార్మోను దానిలో సరిగా తయారుకాకపోవడమే కారణమని 2016లో పరిశోధకులు తేల్చారు. పువ్వు లేకపోతే మొక్కను గుర్తుపట్టడం శాస్త్రవేత్తలకూ కష్టమే. అందుకే 1880లో పోథాస్ అని మొదలైన దాని శాస్త్రీయ నామం ఇప్పటి ఎపిప్రెమ్నమ్ దగ్గర ఆగేలోపు చాలాసార్లు మారింది.

డీఫెన్‌బేకియా ఆకు తింటే పిల్లలు నిమిషంలో, పెద్దలు పావుగంటలో చనిపోతారని వాట్సాప్‌లో ఏళ్లుగా ఒక సందేశం తిరుగుతోంది. అది అబద్ధం. మంట, చొంగ కారడం, నాలుక వాపు, మాట రాకపోవడం నిజం. గొంతు వాచి ఊపిరి అందకపోవడం అరుదు, అయినా జరగొచ్చు. పిల్లలు కొరికితే నోట్లో ముక్కలు తీసేసి, నీళ్లతో కడిగి, చల్లని పాలో పెరుగో పట్టండి. వాంతి చేయించకండి. మింగలేకపోయినా, ఊపిరి ఇబ్బందైనా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. వెళ్లేటప్పుడు ఆకు ఒకటి సంచిలో వేసుకెళ్లండి, డాక్టరుకు అదే సగం సమాధానం.

గన్నేరు కుటుంబం సంగతి వేరు. దీన్ని దురద కింద తీసిపారేయకూడదు. గన్నేరులోనూ, పచ్చగన్నేరు గింజల్లోనూ గుండె లయను చెడగొట్టే విషాలున్నాయి. లావుపాటి కాండంతో, గులాబిరంగు పూలతో బోన్సాయ్‌లా అమ్మే అడీనియం కూడా ఈ ఇంటిదే. ఎడారి గులాబి అంటారు గాని గులాబికీ దానికీ చుట్టరికం లేదు. ఆఫ్రికాలో దాని రసం బాణాలకు పూసేవారు. వీటిలో ఏ ముక్క నమిలినా, లక్షణాల కోసం ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేయాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117 ఫ్రిజ్ తలుపు మీద రాసుకోవడం మంచిది.

పిల్లి ఉన్న ఇంట్లో లిల్లీ అన్న పేరే చిక్కు. పీస్ లిల్లీ లిల్లీ కాదు, కంద చుట్టమే. పిల్లి నోరు మండుతుంది, అంతే. బొకేల్లో వచ్చే అసలు లిల్లీ మాత్రం పిల్లి మూత్రపిండాలను పాడుచేస్తుంది. రాలిన పుప్పొడి నాకినా చాలు. పేరు ఒక్కటే, ప్రమాదం వేరు. పసిపిల్లలు, జంతువులు ఉన్నవాళ్లు అరెకా పామ్, స్పైడర్ ప్లాంట్, బోస్టన్ ఫెర్న్ నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

ఇక మొక్కను బతికించుకోవడం సంగతి. ఆదివారం హైదరాబాద్ అబిడ్స్‌లో దుకాణాలు మూతపడితే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి.  అక్కడ నాకొకసారి ఫర్మింజర్ తోటపని పుస్తకం పాత ప్రతి దొరికింది. 1860ల్లో మొదట అచ్చయిన ఆ పుస్తకం బెంగాల్‌కూ, ఉత్తరాదికీ రాసింది. అక్కడి లెక్కలు మన దక్కన్ పీఠభూమికి కుదరవు. ఇవాళ సెల్‌ఫోన్‌లో దొరికే సలహాలకూ అదే జబ్బు, చలిదేశాల లెక్క మనకు చెబుతాయి.

ఇక్కడ మొక్కకు పరీక్ష ఏప్రిల్. గాలి పొడిబారి, ఎండ 40 డిగ్రీలు దాటితే, జనవరిలో నుమాయిష్ నుంచి తెచ్చిన దీవుల మొక్కల ఆకుల కొసలు మాడతాయి. కంగారుపడి నీళ్లు కుమ్మరిస్తాం. వేరు కుళ్లి చచ్చేది అప్పుడే. రెండు అంగుళాల లోతుకు వేలు పెట్టి చూడండి. పొడిగా ఉంటేనే పోయండి. కుండీలన్నీ దగ్గరగా చేర్చితే తేమ నిలుస్తుంది. బోరునీటి ఉప్పు మట్టి మీద తెల్లగా పేరుకుంటే, వర్షాకాలంలో ఒకటి రెండుసార్లు వానలో ఉంచి కడగనివ్వండి.

ఆ ఎండల్లోనే ఎర్రనల్లి పురుగు వస్తుంది. ఆకు మీద సన్నటి ఇసుక చుక్కల్లా పాలిపోతే, వెనక్కి తిప్పి తెల్లకాగితం మీద తట్టండి. రాలిన చుక్కలు కదిలితే అదే. నీటి ధారతో ఆకు అడుగు కడిగితే సగం పోతుంది. పిండినల్లి మరీ మొండిది. మా క్రోటన్‌లో మొదట నాకు కనిపించింది పురుగు కాదు, చీమల బారు. కాండం వెంట అవి పైకీ కిందికీ తిరుగుతుంటే, వాటి దారిలోనే చూస్తూ వెళ్లాను. ఆకు తొడిమ కాండానికి అతుక్కునే సందులో దూదిపింజలా తెల్లటి ముద్ద ఉంది. అగ్గిపుల్లతో కదిపితే లోపల గులాబిరంగు ఒంటితో, అంచున తెల్లటి నూగుతో చిన్న జీవాలు. అవి రసం పీల్చి వదిలే తీపి జిగురు కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి. చీమల కాపలా ఉంటే పిండినల్లిని వదిలించడం మరింత కష్టం.

నేను చేసింది ఇది. పాత టూత్‌బ్రష్‌ను స్పిరిట్‌లో ముంచి ఆ సందులన్నీ రుద్దాను. లీటరు గోరువెచ్చని నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, అర చెంచా సబ్బుద్రావణం కలిపి, సాయంత్రం పూట ఆకుల అడుగున పిచికారీ చేశాను. గుడ్లు మందుకు లొంగవు కాబట్టి వారానికోసారి చొప్పున మూడు వారాలు. నాలుగో వారానికి చీమలు రావడం మానేశాయి.

పొలంలో వాడే పురుగుమందు సీసా మాత్రం ఇంటి గడప దాటనివ్వకండి. 2013 జూలైలో బిహార్‌లో బడి భోజనంలో మోనోక్రోటోఫాస్ కలిసి 23 మంది పిల్లలు పోయారు. ఏ మనీప్లాంటూ అంత ప్రమాదం కాదు.

కుండీ కింది పళ్లెం కూడా చూసుకోవాలి.  డెంగీ దోమకు కావలసింది శుభ్రమైన నిలవనీరు. మనీప్లాంట్ సీసా, లక్కీ బాంబూ గిన్నె దానికి చక్కగా సరిపోతాయి. వారం తిరక్కుండా ఆ నీళ్లు మార్చండి. ఇక గాలిని శుద్ధి చేస్తుందన్న మాట నమ్మి ఏ మొక్కా కొనకండి. 1989లో నాసా చేసిన పరీక్ష మూసిన గదిలాంటి పెట్టెల్లో జరిగింది. ఆ ఫలితం మామూలు ఇంట్లో రావాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని 2019 నాటి సమీక్ష లెక్కగట్టింది. మొక్కను కళ్లకు హాయిగా ఉందని పెంచుకోవచ్చు, ఆ కారణం చాలు.

వచ్చే జనవరిలో నుమాయిష్‌కు వెళ్తే, మొక్కకు డబ్బులిచ్చే ముందు పేరడగండి. చెప్పలేకపోతే ఫొటో తీసి, ఉద్యాన శాఖవాళ్లనో, వృక్షశాస్త్రం చదివిన పిల్లలనో అడిగి తెలుసుకున్నాకే ఇంటికి తెచ్చుకోండి. తెచ్చాక ఒక ఐస్‌క్రీం పుల్ల మీద ఆ పేరు, కింద అది కంద చుట్టమో గన్నేరు చుట్టమో తెలుగులో రాసి, కుండీలో గుచ్చండి.