వాలు అక్షరము: గ్రిఫో చేతిపని

నిటారుగా నున్న రోమన్ అక్షరమును ప్రక్కకు వంచినచో ఇటాలిక్ అగునను భ్రమ పెక్కుమందికి కలదు. అది వేరొక వ్రాత. వడిగా సాగు కలపు జాడ. అందు 'ఏ' అను అక్షరము పై వంపును విడిచి ఒంటి బొజ్జతో నిలుచును. 'ఎఫ్' పాదము పంక్తి క్రిందికి జారును. కొనగీట్లు కలము కాగితమును తాకునపుడును విడుచునపుడును పుట్టు సన్నని ఒరపులగును.

ఆ కలము 15వ శతాబ్దపు ఫ్లోరెన్సులోనిది. ప్రాచీన లాటిను గ్రంథములకు స్వహస్తముతో ప్రతులు వ్రాసికొన్న నికోలో నికోలీ వంటి పండితులు, అక్షరము నక్షరము నల్లుకొని పోవు వంపు వ్రాతను వాడుకలోనికి తేగా, పోపుగారి కార్యాలయపు లేఖకులు దానిని దస్తావేజుల కనువుగా తీర్చుకొనిరి. మన కరణముల లెక్కలలోని గొలుసుకట్టు కూడ చేతి తొందర నుండి పుట్టినదే. కాని మన గొలుసుకట్టు కాగితములయందే నిలిచిపోయినది. వారిది లోహమున కెక్కినది.

ఎక్కించినవాడు బొలోన్యా వాస్తవ్యుడు ఫ్రాంచెస్కో గ్రిఫో. ఉక్కు కడ్డీ కొనయందు అక్షరమును ఎడమకుడిగా తిరుగవేసి చెక్కి, ఆ కడ్డీని రాగిపై కొట్టి, ఏర్పడిన గుంటలో కరగిన సీసపు మిశ్రమమును పోసి, ఒక్కొక్క దిమ్మను విడిగా తీయవలసిన ఆ విద్యలో, ఎడతెగక సాగు చేతివ్రాతను నిలుపుట యెంత దుష్కరమో పాఠకు లూహింపవలెను. అందులకే అతడు పెక్కు జంట అక్షరములను ఒకే దిమ్మగా చెక్కెను. పెద్దక్షరములను మాత్రము వాల్చలేదు. ఆ నిటారు తల వెనుక వాలు పంక్తి సాగు తీరు నా కంటికి నేటి ఇటాలిక్ కంటె సొగసైనది.

1501లో వెనిస్ నగరమున ఆల్డస్ మనూషియస్ ఈ అక్షరములతో వర్జిల్ కావ్యములను ప్రకటించెను. వ్యాఖ్యానము లేదు, మూలమాత్రమే; పీఠముపై నుంచి చదువదగిన బృహద్గ్రంథము చేతి కిమిడి వాహ్యాళికి వెంట వచ్చునదాయెను. ఆ యేటనే హొరేస్, పెట్రార్కా, మరుసటి యేట డాంటే. అన్నియు ఆద్యంతము ఇటాలిక్‌లోనే. పరభాషా పదమునకు, గ్రంథనామమునకు, నొక్కి పలుకవలసిన మాటకు రోమన్ నడుమ దీనిని వాడుట తరువాతి కాలపు పద్ధతి. 1560 నాటి జెనీవా బైబిలులో అనువాదకులు అన్వయమునకై తాము చేర్చిన మాటలను ఇటాలిక్‌లో వేయించి, అవి మూలములోనివి కావని నిష్కపటముగా తెలిపిరి. ఈ అక్షరమునకు ఇంతకంటె ఉదాత్తమైన ప్రయోజనమును నేనెరుగను.

ఇక గ్రిఫో మాట. ఆల్డస్ తన వర్జిల్ గ్రంథమునందే చిన్న పద్యమున అతనిని ప్రశంసించెను, అంతవరకు న్యాయమే. కాని 1502లో వెనిస్ ప్రభుత్వము ఆ అక్షరములపై హక్కును ఆల్డసునకే యొసగగా, చెక్కిన చేతికి తన చెక్కడమును ఆ నగరమున వేరొకరికి అమ్ముకొను వీలు లేకపోయెను. గ్రిఫో వెనిస్ విడిచెను. 1503లో ఫానో పట్టణమున పెట్రార్కాను ముద్రించిన సొంచీనో, ఆల్డస్ వాడిన అక్షరములనన్నిటిని చెక్కినవాడు బొలోన్యా ఫ్రాంచెస్కోయే యని ఆ గ్రంథపు పీఠికలో అచ్చువేసెను.