డబ్లిన్ నగరపు తడికె యిండ్లు

ఐర్లండు రాజధానియగు డబ్లిన్‌లో లిఫీ నది యొడ్డున వుడ్ క్వే యను స్థలము కలదు. నగర పాలకులు అచ్చట కార్యాలయములు గట్టదలపగా, 1974 మొదలు 1981 వఱకు జాతీయ ప్రదర్శనశాలవారు ఆ నేలను త్రవ్వించిరి.

బయల్పడినవి కోటలు గావు. సముద్రము దాటివచ్చిన వైకింగుల పట్టణములోని వేయేండ్ల నాటి సామాన్యుల యిండ్లు. గాలి చొరని తడిమట్టి వాని కఱ్ఱను కుళ్ళనీయలేదు. గుంజల నడుమ సన్నని రెమ్మలల్లిన తడికె గోడలు, నట్టింట పొయ్యి, ఇరుప్రక్కల గోడల వెంబడి కూర్చుండుటకును పరుండుటకును అరుగులు. మన పాకల నెఱిగినవారికి ఇందు వింత తోపదు.

నన్నాశ్చర్యపఱచినది వేఱొకటి. తడికె యిల్లు చిరకాలము నిలువదు గదా! ఒకటి శిథిలమైనచో ఆ చోటనే మఱొకటి కట్టుకొనిరి. ఇట్లు పొరలు పొరలుగా ఇండ్లు మాఱినను, స్థలముల నడిమి దడులు మాత్రము తరతరములు ఆ హద్దులలోనే నిలిచినవి. గట్టు తగవులు తీర్చిన మీకు ఈ మాట విలువ నేను చెప్పనేల?

1978 జూనులో ఉన్నత న్యాయస్థానము ఆ స్థలము జాతీయ స్మారకమని నిర్ణయించెను. సెప్టెంబరులో దానిని కాపాడుడని దాదాపు 20,000 మంది వీథులలో నడచిరి. అయినను 1986 నాటికి కార్యాలయములు లేచినవి. దొరకిన వస్తువులు ప్రదర్శనశాలకు జేరినవి. ఆ హద్దులు పటములయందే మిగిలినవి.