కార్వేటినగరం నుంచి టోక్యో, సియోల్: విమాన టికెట్ ఎక్కడ చవక, ఎక్కడ దెబ్బ?

జపాన్‌లో సీటు వచ్చిన విద్యార్థి, కొరియాలో ఉద్యోగం దొరికిన కుర్రాడు, అక్కడున్న కొడుకు దగ్గరికి వెళ్లాలనుకునే తల్లిదండ్రులు... కార్వేటినగరం, పుత్తూరు, నగరి వైపు ఇలాంటి ఇళ్లు ఇప్పుడు కొత్తేమీ కాదు. శ్రీసిటీలో ఇసుజు, డైకిన్, కొబెల్కో లాంటి జపాన్ కంపెనీలు వచ్చాక ఆ దేశం పేరు మరింత దగ్గరైంది. కంపెనీ పంపిస్తే టికెట్ బాధ కంపెనీదే. సొంత డబ్బుతో వెళ్లేవాళ్లకే అసలు లెక్క.

ముందు విమానాశ్రయం సంగతి. రేణిగుంటకు అంతర్జాతీయ హోదా ఉన్నా, తూర్పు ఆసియాకు అక్కడి నుంచి రెగ్యులర్ విమానాలు లేవు. కాబట్టి దారి చెన్నైకే. సింగపూర్ మీదుగా సింగపూర్ ఎయిర్‌లైన్స్, స్కూట్. కౌలాలంపూర్ మీదుగా మలేసియా ఎయిర్‌లైన్స్, ఎయిర్ఏషియా. హాంకాంగ్ మీదుగా కేథే పసిఫిక్. బ్యాంకాక్ మీదుగా థాయ్ ఎయిర్‌వేస్ ఉన్నాయి. ఇంతమంది పోటీ పడటమే చెన్నైలో ధర తగ్గడానికి కారణం. 2019 అక్టోబర్‌లో ఏఎన్ఏ సంస్థ చెన్నై నుంచి టోక్యో నరీతాకు నేరుగా విమానం వేసింది గానీ, కోవిడ్‌తో అది ఆగిపోయింది. ఇప్పుడు దక్షిణాదిలో టోక్యోకు నేరుగా వెళ్లాలంటే బెంగళూరు నుంచి జపాన్ ఎయిర్‌లైన్స్ ఉంది.

బెంగళూరు టికెట్ నాలుగు వేలు తక్కువగా కనిపించిందనుకోండి. బస్సు, ఊరి బయట ఉన్న ఎయిర్‌పోర్టుకు మళ్లీ బండి, ఒక పూట లాడ్జి కలిపితే ఆ నాలుగు వేలూ అక్కడే పోతాయి. చెన్నైకి అయితే పుత్తూరులో సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, సెంట్రల్‌లో దిగి, మెట్రోలో నేరుగా ఎయిర్‌పోర్టుకు చేరొచ్చు. తూర్పు వైపు విమానాలు చాలావరకు రాత్రి పొద్దుపోయాకే బయల్దేరతాయి కాబట్టి వెళ్లేటప్పుడు ఇది బాగానే కుదురుతుంది. తిరుగు ప్రయాణంలో అర్ధరాత్రి దిగితే మెట్రో ఉండదు. తెల్లారేదాకా కూర్చోవాలి, లేదా కారు మాట్లాడుకోవాలి. ఆ ఖర్చు కూడా టికెట్‌లో భాగమే అనుకుని లెక్క వేసుకోవాలి.

వెతకడానికి గూగుల్ ఫ్లైట్స్, స్కైస్కానర్ చాలు. ఒక్క తేదీ కొట్టి ధర చూసి భయపడొద్దు. గూగుల్‌లో తేదీల పట్టిక తెరిస్తే ఏ రోజు వెళ్లి ఏ రోజు వస్తే ఎంతో ఒకేచోట కనిపిస్తుంది. స్కైస్కానర్‌లో నెల మొత్తాన్ని ఎంచుకోవచ్చు. ధర మీద నిఘా పెట్టుకుంటే తగ్గినప్పుడు మెయిల్ వస్తుంది. టోక్యో ఖరీదుగా ఉంటే ఒసాకా కూడా చూడండి. అయితే ఒసాకా నుంచి టోక్యోకు బుల్లెట్ రైలు చవకేమీ కాదు, దాన్నీ కలపండి. బ్రౌజర్‌లో రహస్య విండో తెరిస్తే ధర తగ్గుతుందన్న మాటను పెద్దగా నమ్మక్కర్లేదు. సీట్లు నిండేకొద్దీ ధర మారుతుంది, అంతే. వెతకడం అక్కడ చేసినా, కొనేది మాత్రం ఎయిర్‌లైన్స్ సొంత సైట్‌లోనో, మీకు తెలిసిన ఏజెంట్ దగ్గరో అయితే మేలు. పేరు తెలియని సైట్‌లో ఐదారొందలు తక్కువకు కొంటే, విమానం రద్దయిన రోజు ఫోన్ ఎత్తేవాడు ఉండడు.

మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదట్లో జపాన్‌లో సకురా పూల సీజన్. ఏప్రిల్ ఆఖరు నుంచి మే 5 వరకు అక్కడి సెలవులు. జనవరి, ఫిబ్రవరి మధ్య వచ్చే చైనా కొత్త సంవత్సరానికి, అక్టోబర్ మొదటి వారానికి ఆ ప్రాంతమంతా ప్రయాణాలే. ఇటు మనకు వేసవి సెలవులు, డిసెంబర్. ఇవి తప్పించి జూన్‌లోనో సెప్టెంబర్‌లోనో వెళ్లగలిగితే చవక దొరికే అవకాశం ఎక్కువ. జూన్‌లో అక్కడ వాన.

రెండు టికెట్ల ఉచ్చు

ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. చెన్నై నుంచి కౌలాలంపూర్‌కు ఒక టికెట్, అక్కడి నుంచి సియోల్‌కు ఇంకో సంస్థలో ఇంకో టికెట్. విడివిడిగా కొంటే ఒక్కోసారి బాగా తక్కువ పడుతుంది. కానీ అవి రెండు వేర్వేరు ఒప్పందాలు. మొదటి విమానం మూడు గంటలు లేటైతే రెండోది మీ కోసం ఆగదు, రెండో సంస్థకు బాధ్యతా లేదు. పైగా అది రానుపోను టికెట్ అయితే, మొదటి ప్రయాణానికి ఎక్కనందుకు తిరుగు టికెట్ కూడా రద్దయిపోవచ్చు.

వీసా గొడవ మరొకటి. రెండు టికెట్లు ఉంటే సామాను మధ్యలో బయటికి తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి. అంటే ఆ దేశంలోకి అడుగు పెట్టాలి. మలేసియా 2026 చివరి వరకు భారతీయులను వీసా లేకుండా రానిస్తోంది కాబట్టి, ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపుకుంటే సరిపోతుంది. సింగపూర్‌కు వీసా కావాలి. అది లేకపోతే చెన్నై కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. బ్యాంకాక్‌లో రెండు ఎయిర్‌పోర్టులు: సువర్ణభూమి, డాన్ మువాంగ్. ఒకదాంట్లో దిగి రెండోదాంట్లో ఎక్కాలంటే ఊరి ట్రాఫిక్ దాటాలి. అదే ఎయిర్ఏషియాలోనో స్కూట్‌లోనో చివరి ఊరి వరకు ఒకే బుకింగ్ తీసుకుంటే సామాను నేరుగా వెళ్తుంది, ఆలస్యమైతే తర్వాతి విమానం చూపించే బాధ్యత వాళ్లదే. రెండు మూడు వేలు ఎక్కువైనా ఒకే టికెట్టే నయం.

చైనా మీదుగా వెళ్లే ఆలోచన కూడా కొందరికి ఉంది. 2020లో ఆగిన నేరు విమానాలు 2025 అక్టోబర్ 26న ఇండిగో కోల్‌కతా-గ్వాంగ్‌జౌ సర్వీసుతో మళ్లీ మొదలయ్యాయి. చిత్తూరు జిల్లా వాళ్లు దాని కోసం కోల్‌కతా దాకా పోవడం ఏం లాభమో లెక్క చూసుకోవాలి.

వీసా ముందా, టికెట్ ముందా? వీసానే ముందు. జపాన్ టూరిస్టు వీసా 2024 ఏప్రిల్ 1 నుంచి మనవాళ్లకు ఈ-వీసాగా ఇస్తున్నారు. ఎయిర్‌పోర్టులో ఫోన్‌లో ఇంటర్నెట్‌తో తెరిచి చూపాలి, స్క్రీన్‌షాట్, ప్రింట్ చెల్లవు. విద్యార్థులకు, ఉద్యోగులకు ఇంకో ఇరకాటం ఉంది. జపాన్ ఇచ్చే అర్హత పత్రం (సీఓఈ) గడువు మూడు నెలలే. ఏప్రిల్‌లో చదువు మొదలైతే అది ఫిబ్రవరి, మార్చిలో చేతికొస్తుంది. ఆ తర్వాత వీసా, అప్పుడు టికెట్. సరిగ్గా పూల సీజన్ ధరలకు దొరికిపోతారు. అలాంటివాళ్లు రద్దుకు తక్కువ కోత పడే, తేదీ మార్చుకోగలిగే టికెట్ ముందుగానే కొని పెట్టుకోవడం, లేదా కాలేజీ ఒప్పుకుంటే వారం ముందే చేరడం చూడొచ్చు.

పేరు విషయంలో మన వైపు తిప్పలు ఎక్కువ. ఇంటిపేరు గడి ఖాళీగా, ఒక్క పేరుతో పాస్‌పోర్టు ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. అప్పుడు టికెట్‌లో పేరు ఎలా రాయాలో ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి, కొనేముందే ఫోన్ చేసి అడగాలి. ఇనిషియల్‌ను సొంతంగా విడదీసి రాయొద్దు.

చవక టికెట్‌లో చాలాసార్లు ఏడు కిలోల చేతి సంచి తప్ప ఏమీ ఉండదు. చెకిన్ బ్యాగు, భోజనం, సీటు అన్నీ విడిగా కొనాలి. ఎయిర్‌పోర్టులో బ్యాగుకు కట్టేదానికంటే ఆన్‌లైన్‌లో ముందే కడితే తక్కువ. జపాన్ ఎయిర్‌లైన్స్ ఎకానమీలో 23 కిలోల బ్యాగులు రెండు ఇస్తుంది. ఊరగాయ, పొడులు, బట్టలు మోసుకెళ్లే విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు. పెద్ద సంస్థల్లో హలాల్ భోజనం, శాకాహారం అదనపు ఖర్చు లేకుండా దొరుకుతాయి, కనీసం ఒక రోజు ముందు చెప్పాలి.

ప్రయాణం మానుకోవాల్సి వస్తే? డీజీసీఏ నిబంధనల ప్రకారం రద్దు ఛార్జీ బేసిక్ ఫేర్, ఫ్యూయల్ సర్‌ఛార్జీ మొత్తాన్ని మించకూడదు. రీఫండ్ లేని టికెట్ అయినా యూడీఎఫ్ లాంటి ఎయిర్‌పోర్టు ఫీజులు తిరిగివ్వాల్సిందే. ఏజెంట్ దగ్గర కొన్నా రీఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్స్‌దే. అడగనివాళ్లకు ఆ డబ్బు తిరిగి రాకుండానే పోతుంది, కాబట్టి రద్దు చేసిన రోజే రాతపూర్వకంగా అడిగి, ఆ మెయిల్ దాచుకోండి.