వింటికి వంపు దిద్దే పెన్సిల్ ముక్క

అరచేతిలో పట్టే చెక్క దిమ్మ. ఒక ముఖాన్ని తిన్నగా చిత్రిక పట్టి, నడుమ బెజ్జం వేసి, అందులో పెన్సిల్ ముక్క బిగిస్తారు. అంతే, పనిముట్టు తయారు. అమెరికాలో కర్రవిల్లులు సొంతంగా చెక్కుకునేవాళ్లు దీన్ని గిజ్మో అంటారు. ఒకరు చేసి చూపించారు, మిగతావాళ్లు చూసి చేసుకున్నారు.

దీని విలువ తెలియాలంటే విల్లు చెక్కడంలో అసలు కష్టం ఎక్కడుందో తెలియాలి. విల్లు లాగినప్పుడు గురివైపు ఉన్న వీపు సాగుతుంది, విలుకాడి వైపున్న పొట్ట నలుగుతుంది. పిడికి పైనా కిందా ఉన్న రెండు రెక్కలూ సమంగా వంగాలి. ఎక్కడైనా జానెడు మేర కర్ర బిగుసుకుని ఉంటే, అది వంగని వంపంతా పక్కచోటు వంగాల్సి వస్తుంది. అక్కడ పొట్ట చితుకుతుంది, లేదా వీపు ఫట్టున పగులుతుంది. రోజుల తరబడి పడిన శ్రమ క్షణంలో రెండు ముక్కలవుతుంది. అందుకే కొద్దిగా గీకడం, వంచి చూడడం, మళ్లీ గీకడం. ఈ పనిని టిల్లరింగ్ అంటారు. చేయి తిరిగినవాడికి బిగువు ఎక్కడుందో చూడగానే తెలిసిపోతుంది. కొత్తవాడు ఎంతసేపు చూసినా అన్నిచోట్లా ఒకేలా కనిపిస్తుంది.

గిజ్మో ఉపయోగపడేది ఇక్కడే. వంచి ఉంచిన విల్లు పొట్ట మీద దిమ్మను ఆనిస్తే దాని రెండు కొసలూ కర్రను తాకుతాయి, నడుమ సందు మిగులుతుంది. బాగా వంగిన చోట సందు ఎక్కువ, వంగని చోట తక్కువ. ఎక్కువ సందున్న చోట పెన్సిల్ మొన తాకీ తాకనట్టు సర్దుకుని, దిమ్మను రెక్క పొడవునా జరుపుతారు. బిగువున్న ప్రతిచోటా గీత పడుతుంది. గీత పడిన చోటే గీకాలి. గీకాక విల్లును పదేపదే వంచి కర్రకు ఆ వంపు అలవాటు చేసి, మళ్లీ దిమ్మ జరపాలి. పిడి దగ్గర మాత్రం దాని మాట వినకూడదు, అక్కడ కర్ర మందంగానే ఉండాలి. ఏళ్ల అనుభవంతో అబ్బే చూపులో కొంత భాగాన్ని ఈ చిన్న దిమ్మ కొత్తవాడికి మొదటి రోజే ఇస్తుంది.

ఇలాంటివే మరికొన్ని ఉన్నాయి. నిలువు గుంజ తలమీద విల్లును కూర్చోబెట్టి, నారికి తాడు కట్టి, కింద కప్పీ మీదుగా దూరం నుంచి లాగితే విల్లు ఎలా వంగుతోందో నిలబడి చూడవచ్చు. విరిగినా ముఖం మీదికి రాదు. విల్లు బలం కొలవడానికి ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషన్ చాలు. అంగుళాల గాట్లు పెట్టిన కర్రను దానిమీద నిలబెట్టి, పైకొసన విల్లు పిడి ఆనించి, నారిని గాటు దాకా కిందికి లాగితే ముల్లు లెక్క చెబుతుంది. అందులోంచి కర్ర, విల్లు సొంత బరువు తీసేయాలి. జిగురు పెట్టిన చెక్కలు కదలకుండా బిగించి చుట్టడానికి పాత సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసుకుంటారు. చివరి నునుపు పనికి విరిగిన రంపపు బ్లేడు ముక్క, లేదంటే గాజుపెంకు అంచు.

ఒకరి పనిముట్టు చూసి మరొకరు చేసుకునే ఈ ఇచ్చిపుచ్చుకోలు ఈ విద్యలో మొదటి నుంచీ లేదు. లండన్‌లో విల్లు చేసేవాళ్లు, బాణాలు చేసేవాళ్లు 1371లో వేర్వేరు వృత్తులుగా విడిపోయారు. పని శిష్యరికంలోనే నేర్చుకోవాలి. 1545లో రోజర్ ఆస్కమ్ విలువిద్య మీద ‘టాక్సోఫిలస్’ రాశాడు కానీ, అది ప్రధానంగా విల్లు పట్టేవాడి కోసం రాసిన పుస్తకం. ఆ ఏడాదే జులై 19న మేరీ రోజ్ యుద్ధనౌక మునిగింది. 1982లో పైకి తీసిన ఆ నౌక నుంచి 170కి పైగా విల్లులు దొరికాయి. పనితనం కళ్లెదుటే ఉంది. దాన్ని చెక్కిన చేతులు ఏ వరసలో కదిలాయో మాత్రం కర్ర మీది గుర్తులను బట్టి ఊహించుకోవాల్సిందే.

అమెరికాలో ఈ విద్య చేతులు మారిన తీరు తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. 1911 ఆగస్టులో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ దగ్గర, తనవాళ్లందరినీ పోగొట్టుకున్న యాహి తెగ మనిషి ఒంటరిగా బయటికొచ్చాడు. లోకం అతన్ని ఇషి అని పిలిచింది. అతని జాతిని తుడిచిపెట్టింది వలస వచ్చిన తెల్లవాళ్లు. శాన్‌ఫ్రాన్సిస్కో మ్యూజియంలో ఉన్న రోజుల్లో సాక్స్టన్ పోప్ అనే డాక్టరు అతనికి స్నేహితుడయ్యాడు. జునిపర్ కర్రను విల్లుగా మలచడం, దాని వీపుకు జంతువుల నరాల పోగులు జిగురుతో అతికించడం, సీసాల గాజును కూడా బాణపు మొనలుగా చెక్కడం ఇషి దగ్గర చూసి నేర్చుకున్నాడు. 1916లో ఇషి క్షయతో చనిపోయాడు. పోప్ తాను చూసినదంతా 1918లో ఒక అధ్యయనంగా, 1923లో అందరూ చదివే పుస్తకంగా అచ్చువేశాడు. అన్నీ పోగొట్టుకున్న మనిషి చేతిలో మిగిలిన విద్యను ఇచ్చిపోయాడు. ఆ దేశంలో ఇవాళ కర్రవిల్లు చెక్కే ప్రతివాళ్లూ అతనికి రుణపడి ఉన్నారు.

తర్వాతి తరంలో శాస్త్రవేత్తలు దిగారు. రాకెట్ల పనిలో రాబర్ట్ గొడార్డ్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ హిక్‌మన్ బాణం వేగాన్ని కొలిచే యంత్రం కట్టుకుని, గుండ్రటి పొట్ట ఉన్న ఇంగ్లిష్ విల్లు కంటే బల్లపరుపు విల్లు మేలని లెక్కలతో చూపించాడు. పాల్ క్లాప్‌స్టెగ్, ఫారెస్ట్ నాగ్లర్‌లతో కలిసి ఆ పరిశోధనలను 1947లో పుస్తకంగా తెచ్చాడు.

ఆ తర్వాత విల్లుల్లోకి ఫైబర్ గ్లాస్ వచ్చింది. మిస్సోరీకి చెందిన హోలిస్ విల్బర్ అలెన్ సొంత షెడ్డులో విల్లు కొసలు కోసేసి కప్పీలు తగిలించాడు. 1966లో దరఖాస్తు చేసి, 1969 చివర్లో పేటెంట్ తీసుకున్నాడు. అదే కాంపౌండ్ విల్లు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచింది ఆ రకం విల్లుతోనే. షెడ్డులో పుట్టిన ఆ ఊహ వేటగాళ్ల చేతుల్లోంచి కర్రవిల్లును దాదాపు తప్పించేసింది.

మళ్లీ దాన్ని నిలబెట్టింది కంపెనీలు కాదు. 1988లో పాల్ కామ్‌స్టాక్ ఒక పుస్తకం రాసి, ఖరీదైన యూ, ఓసేజ్ కర్రలే అక్కర్లేదని, ఎల్మ్, యాష్, హికరీ లాంటి మామూలు కర్రలను వెడల్పుగా, పొడవుగా చెక్కితే మంచి విల్లులవుతాయని చెప్పాడు. ఓసేజ్‌లో ఒకే వార్షిక వలయాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు తెగకుండా అనుసరిస్తూ వీపు తీయాలి, ఓపికకు పరీక్ష అది. ఎల్మ్, యాష్ లాంటి తెల్లకర్రల్లో అయితే బెరడు కింది వలయమే వీపుగా పనికొస్తుంది. 1992 నుంచి జిమ్ హామ్, టిమ్ బేకర్, జే మాసీ, కామ్‌స్టాక్ వగైరాలు కలిసి రాసిన ‘ట్రెడిషనల్ బోయర్స్ బైబిల్’ సంపుటాలు వచ్చాయి. నాలుగోది 2008లో. విల్లులు చేసి అమ్ముకునేవాళ్లు కూడా తమ కొలతలూ, తమ దగ్గర విల్లు విరిగిన కారణాలూ అందులో పెట్టారు. ఏటేటా జరిగే కూడికల్లో పక్కవాడి బల్ల మీది పనిముట్టును చేతిలోకి తీసుకుని, కొలిచి, ఇంటికెళ్లి చేసుకోవచ్చు. ఆ ఉదారత వల్లే ఈ విద్య బతికిందని నా నమ్మకం.

మరి మన సంగతి? నల్లమలలో చెంచుల విల్లు ఉంది, గోదావరి ఏజెన్సీలో కోయల, కొండరెడ్ల విల్లు ఉంది. 1922లో మొదలైన అల్లూరి సీతారామరాజు పోరాటం మనకు బాగా తెలుసు. ఆ మన్యంలో విల్లును ఏ కత్తితో చెక్కారో, వంపు సరిచూడటానికి ఏం వాడారో మనలో ఎంతమందికి తెలుసు? చెంచుల జీవితం మీద ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ పుస్తకం 1943లోనే వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత మనమే రాసుకోవాల్సింది చాలా ఉంది.

ఆ వైపు వెళ్లేవాళ్లకు ఒక విన్నపం. విల్లంబులు పట్టుకుని ఫొటో దిగి వచ్చేయకండి. చెక్కే పెద్దాయన ఒప్పుకుంటే పక్కన కూర్చోండి. ఏ కర్ర, ఏ కాలంలో నరికారు, ఎన్నాళ్లు ఆరబెట్టారు, నారి దేనితో పేనారు, ఏ కత్తి, ఆ కత్తిని ఎలా పట్టుకున్నారు, అన్నీ ఆయన మాటల్లోనే రాసుకోండి. పనిముట్టు కొలతలు తీసుకోండి. రాసినదాన్ని ఆయన పేరుతోనే అచ్చువేసి, మొదటి ప్రతిని ఆ గూడెం బడికి ఇవ్వండి.